వైర్‌లెస్ నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు మంచివో కాదో ఎలా తేల్చుకోవాలి?

పాట ఎలా ఉందన్నది తర్వాత, ముందు అవి చెవి చుట్టూ సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడండి.

ఇందులో మైకులు బయటి శబ్దాన్ని పట్టుకుంటాయి. దానికి సరిగ్గా వ్యతిరేకంగా ఉండే తరంగాన్ని స్పీకర్ వదులుతుంది, రెండూ కలిసి రద్దయిపోతాయి. విమానం ఇంజిన్, ఏసీ లాంటి ఆగని హోరు మీద ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. శబ్దం కీచుగా మారేకొద్దీ, అంటే ఫ్రీక్వెన్సీ సుమారు 1000 హెర్ట్జ్ దాటాక మాత్రం పట్టు సడలుతుంది. కాబట్టి పక్కవాళ్ల మాటలు, పసిపిల్లల ఏడుపు కొంత వినిపిస్తే పీస్ పాడైందని టెన్షన్ పడకండి.

ఆ కీచు శబ్దాలను ఆపాల్సింది చెవుల చుట్టూ ఉండే మెత్తలు, అంటే కుషన్లే. పాట ఆపేసి, క్యాన్సిలింగ్ మాత్రం ఆన్‌లో ఉంచి, రెండు కుషన్లనూ వేళ్లతో మెల్లగా తలకు నొక్కండి. హోరు ఒక్కసారిగా తగ్గిందంటే ఎక్కడో సందు ఉన్నట్టే. కళ్లజోడు ఉంటే అది పెట్టుకునే ఈ పరీక్ష చేయాలి, కాడల దగ్గరే సందు పడుతుంది. సందు ఉంటే బాస్ కూడా పలచబడుతుంది.

కొందరికి క్యాన్సిలింగ్ ఆన్ చేయగానే చెవుల్లో ఒత్తిడిలా అనిపిస్తుంది. అరగంట ఆపకుండా పెట్టుకుంటేనే అది మీకు పడుతుందో లేదో తెలుస్తుంది.

ఎల్‌డాక్ (బ్లూటూత్‌లో పాటను ఎక్కువ నాణ్యతతో పంపే పద్ధతి) ఉందని ఎక్కువ డబ్బు పెట్టే ముందు మీ ఫోన్ చూసుకోండి. ఐఫోన్‌లో అది లేదు, ఏఏసీ అనే మరో పద్ధతితోనే నడుస్తుంది.

బ్యాటరీ ఇప్పుడు చాలావాటిలో సరిపోతుంది. కుషన్లు విడిగా దొరుకుతాయా అని మాత్రం తప్పకుండా అడగండి, ముందు అరిగేవి అవే.