న్యూట్రినోల పరిశోధనలో మా అమ్మాయికి భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి పలాసలో ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. న్యూట్రినోల ద్వారా కృష్ణ పదార్థాన్ని, విశ్వం తొలి దశను పరిశోధిస్తానంటూ ఇంజినీరింగ్ వద్దంటోంది. ఒప్పుకోవచ్చా? ఏం చదివించాలి?
– ఒక తండ్రి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీ అమ్మాయి కోరిక గాలిమేడ కాదు. న్యూట్రినోలు అంటే ఎంతటి పదార్థంలోంచైనా దాదాపు అడ్డులేకుండా దూసుకుపోయే అతి సూక్ష్మ కణాలు. కృష్ణ పదార్థం అంటే కాంతినివ్వక, తన గురుత్వాకర్షణ వల్ల మాత్రమే జాడ తెలిసే పదార్థం. కృష్ణ పదార్థపు కణాలు సూర్యుడి ఆకర్షణకు చిక్కి, కేంద్రంలో పోగుపడి, ఒకదానితో ఒకటి ఢీకొని నశిస్తున్నట్లయితే, అప్పుడు పుట్టే కణాలలో సూర్యుణ్ణి దాటుకుని మన దాకా రాగలిగేవి న్యూట్రినోలు మాత్రమే. సూర్యుడిలో కేంద్రక సంలీనం వల్ల వెలువడే మామూలు న్యూట్రినోల కంటే వీటి శక్తి ఎన్నో రెట్లు ఎక్కువ కనుక రెంటినీ వేరుగా గుర్తించవచ్చు. దక్షిణ ధ్రువం వద్ద ఘన కిలోమీటరు మంచులో 5,160 కాంతి గ్రాహకాలను దింపి నిర్మించిన ఐస్‌క్యూబ్ అనే పరిశోధనశాల, న్యూట్రినో తాకిడి వల్ల మంచులో మెరిసే నీలి కాంతిని నమోదు చేస్తూ ఈ సంకేతం కోసం కూడా వెతుకుతోంది. అది ఇంతవరకు దొరకలేదు. అయినా ఎలాంటి కణాలు కృష్ణ పదార్థం కాజాలవో ఆ వెతుకులాట వల్లనే తేలుతోంది. ఏళ్ల తరబడి వెతికి, చివరకు 'లేదు' అన్న జవాబునే ఫలితంగా స్వీకరించగల ఓపిక మీ అమ్మాయికి ఉందా అన్నది మార్కుల కంటే ముందు చూడవలసిన విషయం.

విశ్వం తొలి దశ సంగతీ అంతే. విశ్వం మొదలైన మహావిస్ఫోటం (బిగ్ బ్యాంగ్) తరువాత సుమారు ఒక సెకనుకే న్యూట్రినోలు మిగతా పదార్థం నుంచి విడివడ్డాయి. మనకు అందుతున్న అతి పురాతన కాంతి మాత్రం మహావిస్ఫోటం జరిగిన దాదాపు 3,80,000 ఏళ్లకు బయలుదేరినది. ఆనాటి న్యూట్రినోలను ఇంకా ఎవరూ నేరుగా పట్టుకోలేదు కనుక, ఆ కాంతిలోనూ గెలాక్సీల అమరికలోనూ వాటి జాడను లెక్కగట్టవలసిందే. అందువల్ల ఈ రంగంలో రోజువారీ పని చాలావరకు గణితం, స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగే. పరిశోధనలో కొనసాగకపోయినా ఈ నైపుణ్యాలకు బయట ఉద్యోగాలున్నాయి.

మన దేశానికీ ఇది కొత్త కాదు. వాతావరణంలో పుట్టే న్యూట్రినోలను 1965లో కోలార్ బంగారు గనుల్లో గుర్తించారు.

చదువు విషయానికొస్తే, ఇంటర్ తరువాత డిగ్రీ, పీజీ కలిసిన ఐదేళ్ల బీఎస్–ఎంఎస్ కోర్సున్న ఐసర్‌లు (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా పరిశోధన సంస్థలు) మంచి మార్గం. తిరుపతిలో ఒకటి ఉంది. ఇచ్ఛాపురం దాటితే వచ్చే ఒడిశాలోని బరంపురంలో మరొకటి ఉంది. వీటి ప్రవేశ పరీక్ష ఐఏటీలో ఎంపీసీ వారికి కూడా జీవశాస్త్రం ప్రశ్నలు ఉంటాయి. మన పిల్లలు వెనుకబడేది సాధారణంగా అక్కడే. భువనేశ్వర్‌లో ఇలాంటిదే అయిన నైసర్ అనే సంస్థకు నెస్ట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఇవి రాకపోతే డిగ్రీలో ఫిజిక్స్ చదివి, జామ్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా ఐఐటీలో ఎమ్మెస్సీ చేయవచ్చు. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు అందుతాయి. అయితే ఇంటర్ తరువాత పీహెచ్‌డీ ముగిసేసరికి పదేళ్లు దాటవచ్చనీ, ఆ తరువాత శాశ్వత ఉద్యోగాలు తక్కువేననీ ఆమెకు ఇప్పుడే చెప్పండి.

జేఈఈకి చదివిన పాఠాలు ఐఏటీకీ పనికొస్తాయి కనుక రెండూ రాయించండి. జీవశాస్త్రానికి మాత్రం ఈ నెల నుంచే రోజూ ఒక గంట కేటాయించాలి.