జనం తప్పుగా అర్థం చేసుకుంటారని ప్రభుత్వ శాస్త్ర సమాచారాన్ని ఇవ్వకూడదా?

"ప్రభుత్వ పరిశోధనల డేటా అందరి చేతికీ ఇస్తే తెలియనివాళ్లు తప్పుడు అర్థాలు తీస్తారు కదా?" అని అడిగారు. అలా తప్పుడు అర్థం తీసినవాళ్లలో నేనూ ఉన్నాను. అయినా ఇవ్వాలనే అంటాను.

నేను శాస్త్రవేత్తను కాను. ఒక చెరువు ఏటేటా తగ్గిపోతోందని అనుమానం వచ్చి లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు డౌన్‌లోడ్ చేసుకున్నాను. అమెరికా ప్రభుత్వం 1972 నుంచి తీస్తున్న చిత్రాలవి. ఒకదానిలో నీళ్ల మీద అడ్డంగా నల్లటి చారలు కనిపించాయి. చెరువు ముక్కలుగా ఎండిపోయిందనుకుని ఇద్దరు ముగ్గురికి చెప్పేశాను కూడా. తర్వాత చిత్రంతో పాటు ఇచ్చిన వివరాలు చదివాను. 2003 మే 31న ఈ శ్రేణిలోని లాండ్‌శాట్ 7 ఉపగ్రహంలో స్కాన్‌ను సరిచేసే పరికరం పాడైంది. అప్పటి నుంచి అది తీసిన ప్రతి చిత్రంలో దాదాపు 22 శాతం ఖాళీగా వచ్చింది. అంచుల దగ్గర ఆ చారలు మరీ వెడల్పు. మా చెరువు సరిగ్గా అంచునే పడింది. మర్నాడే వాళ్లకు ఫోన్ చేసి నేను చెప్పింది తప్పని చెప్పాను. ఆ లోపం లేని లాండ్‌శాట్ 5 చిత్రాలతో మళ్లీ పోల్చి చూస్తే చెరువు తగ్గిన మాట నిజమే, కానీ నేననుకున్నంత కాదు.

పరికరం పాడైందన్న సంగతిని కూడా దాచకుండా రాసిపెట్టారు కాబట్టే నా తప్పు నాకు తెలిసింది. డేటా ఇచ్చి ఆ వివరం ఇవ్వకపోయి ఉంటే ఇప్పటికీ అదే చెబుతూ ఉండేవాణ్ణి.

ఇవే చిత్రాలు 2008 దాకా డబ్బు పెట్టి కొనాల్సినవి. లాండ్‌శాట్ 7 చిత్రం ఒక్కోటి 600 డాలర్లు. బాగా అమ్ముడైన ఏడాదిలో కూడా పాతిక వేల చిత్రాలే పోయాయి. ఉచితం చేశాక ఏడాది తిరక్కుండానే డౌన్‌లోడ్లు 10 లక్షలు దాటాయి. 2013లో మేరీలాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రపంచ అడవుల పటం తయారు చేయడానికి 6,54,178 చిత్రాలు వాడారు. పాత ధర లెక్కన అవి 39 కోట్ల డాలర్లు! ఏ విశ్వవిద్యాలయం భరించగలదు?

అయితే ఉచితంగా ఇచ్చినంత మాత్రాన చాలదు. అదే చెరువు నీటిమట్టం లెక్కలు ఒక కార్యాలయాన్ని అడిగితే, చేత్తో రాసిన రిజిస్టర్ ఫోటోలు ఇచ్చారు. అంకెలు టైప్ చేసుకోవడానికే మూడు వారాలు పట్టింది. మధ్యలో ఒకచోట మట్టం ఒక్కసారిగా మీటరు పైకి ఎగబాకింది. వానా, లేక కొలబద్ద మార్చారా? ఎక్కడా రాయలేదు.

మీరు ఎక్కడ డేటా అడిగినా అంకెలతో సరిపెట్టుకోకండి. ఏ యూనిట్లలో కొలిచారు, ఎక్కడ కొలిచారు, పరికరం ఎప్పుడు మార్చారు, ఏ రోజుల్లో పని చేయలేదు, ఇవన్నీ రాసిచ్చే కాగితం కూడా అదే దరఖాస్తులో అడగండి.