మ్యాట్ డీఎన్ఏలో పీసీఆర్ బ్యాండ్ రాకపోతే ముందు జిగురు సంగతి చూడండి

అంటార్కిటికా తీరం నుంచి గుంటూరు ల్యాబ్‌కి తెచ్చిన మైక్రోబియల్ మ్యాట్‌లో (సూక్ష్మజీవులు చాపలా అల్లుకున్న పొరలు) డీఎన్ఏ తీస్తే నానోడ్రాప్ (కాంతి పీల్పుతో డీఎన్ఏ కొలిచే యంత్రం) మైక్రోలీటరుకి 180 నానోగ్రాములు చూపిస్తోంది, శుభ్రత చెప్పే 260/230 నిష్పత్తి మాత్రం 0.6 (2 దగ్గర ఉండాలి), బ్యాక్టీరియాను గుర్తించే 16ఎస్ జన్యువును పీసీఆర్‌తో పెంచితే జెల్‌పై బ్యాండే లేదు అన్నారు కదా.

డీఎన్ఏ చాలక కాదండీ. మ్యాట్‌లో బ్యాక్టీరియా కంటే అది చుట్టూ కట్టుకున్న పాలీశాకరైడ్ జిగురే ఎక్కువ. టిప్ పైకెత్తితే బెండకాయ కోసిన కత్తిలా తీగలు సాగుతున్నాయా? అదే దొంగ. 180 అంకెను నమ్మకండి, డీఎన్ఏకే అంటుకునే రంగుతో కొలిచే క్యూబిట్‌లో చూడండి.

ముందు ఎక్స్‌ట్రాక్ట్‌ని (తీసిన డీఎన్ఏ ద్రావణం) 10 రెట్లు, 50 రెట్లు పలచన చేసి, రియాక్షన్‌లో బీఎస్ఏ (మలినాలను పట్టుకునే ప్రోటీన్) మైక్రోలీటరుకి 0.4 మైక్రోగ్రాములు వేసి పెట్టండి. పక్కనే బ్యాండ్ ఇస్తుందని తెలిసిన ఈ.కోలై బ్యాక్టీరియా డీఎన్ఏతో ఒక ట్యూబు, అందులో మీ ఎక్స్‌ట్రాక్ట్ 1 మైక్రోలీటరు. ఆ ట్యూబులోనూ బ్యాండ్ రాకపోతే ఇన్హిబిటరే (పీసీఆర్‌ని అడ్డుకునే పదార్థం), అనుమానం లేదు.

పలచన చేసినా రాకపోతే మళ్లీ తీయాల్సిందే. 0.25 గ్రాముల మ్యాట్ తీసుకుని స్పిన్ చేసి, పైకి తేలిన నీళ్లు పారబోయండి. బీడ్ బీటింగ్ (చిన్న పూసలతో కుదిపి కణాలు పగలగొట్టడం) తర్వాత 2 శాతం సీటాబ్ (జిగురును పట్టుకునే డిటర్జెంట్), 1.4 మోలార్ ఉప్పుతో 65 డిగ్రీల దగ్గర 45 నిమిషాలు. ఉప్పు 0.7 మోలార్ కంటే తగ్గిందా, సీటాబ్ జిగురుతో పాటు డీఎన్ఏనీ పట్టుకుని కిందికి లాగేస్తుంది. మ్యాట్‌లో మిగిలిన నీళ్లు ఉప్పును పలచన చేస్తాయి, పారబోయమన్నది అందుకే. తర్వాత క్లోరోఫామ్ - ఐసోఅమైల్ ఆల్కహాల్ 24:1తో కలిపి స్పిన్ చేయండి, మధ్యలో తెల్ల పొర పోయేదాకా మళ్లీ మళ్లీ. ఎండాకాలం కదా అని సెంట్రిఫ్యూజ్ 4 డిగ్రీల్లో పెట్టకండి, సీటాబే మంచులా గడ్డకడుతుంది. 25 డిగ్రీలు చాలు.

చివర్లో డీఎన్ఏని అడుక్కి దింపడానికి ఐసోప్రొపనాల్ వద్దు, జిగురు కూడా దిగుతుంది. ఉప్పు 1 మోలార్ దాటించి రెండింతల ఇథనాల్ పోస్తే జిగురు పై ద్రవంలోనే ఉండిపోతుంది. తర్వాత 70 శాతం ఇథనాల్‌తో రెండుసార్లు కడగండి.

నమూనా ఆర్ఎన్ఏలేటర్‌లో (నమూనాను భద్రపరిచే చిక్కటి ఉప్పు ద్రావణం) ఉంటే సమాన పరిమాణం చల్లటి పీబీఎస్ (ఉప్పు బఫర్) కలిపి స్పిన్ చేయండి. ఆర్ఎన్ఏలేటర్ చిక్కగా ఉంటుంది, పలచన చేయకపోతే కణాలు అడుక్కి దిగవు.

ఇంకో మాట, నూరేముందే బ్లేడుతో పచ్చ పొర, నల్ల పొర విడదీయండి. కలిపి నూరాక ఏది ఎక్కడుందో ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు.

సీక్వెన్సింగ్ రీడ్స్ వచ్చాక డయాటమ్ (ఒక రకం శైవలం) క్లోరోప్లాస్ట్‌ల 16ఎస్ గుట్టగా కనిపిస్తాయి. సిల్వా అనే 16ఎస్ డేటాబేస్‌లో క్లోరోప్లాస్ట్ సయనోబ్యాక్టీరియా కిందే ఒక ఆర్డరు (వర్గీకరణలో ఒక స్థాయి). ఆర్డరు దగ్గరే వడపోయండి. పై స్థాయిలో కొట్టేస్తే మ్యాట్ కట్టిన సయనోబ్యాక్టీరియానే పోతుంది.