పెళ్లి పత్రికలో ఏ ఫాంట్ వాడారో తెలియాలంటే ‘శ్రీ’ చూడండి

అన్న పెళ్లి పత్రికలోని ఫాంటే చెల్లి పత్రికకూ కావాలి, చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి, ఎలా గుర్తుపట్టాలి అని ఫోటో పెట్టి అడిగారు. తిరుపతిలో డీటీపీ పని చేస్తాను, రోజూ నాకు వచ్చే తంటానే ఇది.

లావు, సన్నం పట్టించుకోకండి. బోల్డ్ నొక్కితే ఏ ఫాంటైనా లావెక్కుతుంది. మా ఊళ్లో టిఫిన్ సెంటర్ బోర్డు మొదలు బస్సు అద్దం దాకా ‘శ్రీ వేంకటేశ్వర’ అని ఉంటుంది. ఒకే మాట రకరకాల ఫాంట్లలో కనబడుతుంది కాబట్టి పోల్చుకోవడం సులువు. ముందు ‘శ్రీ’లో క్రావడి (ర వత్తు) చూడండి. కొన్నింట్లో అది శకారానికి ఎడమ పక్కనుంచి దిగి కిందుగా చుట్టుకుంటుంది, కొన్నింట్లో బుద్ధిగా అక్షరం కిందే కూర్చుంటుంది. తర్వాత గుడిదీర్ఘం కొస: మొద్దుగా తెగిందా, సన్నగా తేలిందా? ‘శ్వ’లో వ వత్తు ఎంత చిన్నదయింది, పూర్తిగా కిందుందా, కుడికి జరిగిందా? ప, స, హ ఉన్న మాట దొరికితే ఇంకా మంచిది. తలకట్టుకీ అక్షరానికీ మధ్య సందు ఎంతుందో అక్కడ బాగా తెలుస్తుంది.

సున్న కోడిగుడ్డులా ఉంటే మాత్రం తొందరపడకండి. పేర్లు లైనులో పట్టక ఆపరేటర్ అడ్డంగా నొక్కేసి ఉంటాడు. అలా నొక్కితే నిలువు గీతలు సన్నబడతాయి, అడ్డగీతలు అలాగే ఉంటాయి.

పీడీఎఫ్ ఉంటే నాలుగు మాటలు కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తే బహుశా ‘అను’ లాంటి పాత ఫాంటు, యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనబడే పద్ధతి) కాదు. యూనికోడ్‌లో రామభద్ర, మండలి, ధూర్జటి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, పక్కన పెట్టి చూసుకోవచ్చు. (మన కాళహస్తి కవి పేరు అని చెబితే చాలామంది ధూర్జటే వేయమంటారు, పత్రికకు నప్పినా నప్పకపోయినా!)

కింద ఇంగ్లిష్‌లో వేసిన అడ్రసు వేరే ఫాంట్ కావచ్చు. 1957 నాటి హెల్వెటికాలో పెద్ద ‘ఆర్’ కాలు దాదాపు నిటారుగా దిగుతుంది. 1982లో వచ్చిన ఏరియల్‌లో ఏటవాలుగా జారుతుంది, చిన్న ‘టి’ నెత్తి కూడా వాలుగా కోసినట్టుంటుంది.

మీరు పెట్టిన ఫోటో పక్కనుంచి తీశారు, అక్షరాలు వాలిపోయాయి. పైనున్న ‘శ్రీరస్తు’ లైను ఒక్కటే నేరుగా, దగ్గరగా తీసి పెట్టండి, చూసి చెబుతాను.