పసిపిల్లలున్న ఇంట్లో సోఫా శుభ్రం

చిరంజీవి సౌభాగ్యవతి సుమతికి,

పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది. పెరంబూరులో మేమందరం క్షేమం. వేళచ్చేరి ఫ్లాటులోకి గంధం రంగు గుడ్డ సోఫా వచ్చిందనీ, పెద్దవాడి సాంబారు, చంటిదాని పాలు అప్పుడే దాని మీద పడ్డాయనీ నీ ఉత్తరం వల్ల తెలిసింది. ఏ మరకకు ఏ మందు వాడాలని అడిగావు. అది చెబుతాను గానీ, ముందు ఒక సంగతి గుర్తుంచుకో. మన మద్రాసులో సోఫాను పాడుచేసేది మరక కాదు, తడి. మరక చాలావరకు పైగుడ్డకే అంటుకుని ఉంటుంది. దాన్ని వదిలించాలని మనం పోసిన నీళ్లు మాత్రం లోపలి ఫోములోకి దిగి, ఈ ఉక్కకు ఆరక, ముక్క వాసన పట్టి బూజుకు దారితీస్తాయి. అందుచేత ఏ పని చేసినా తక్కువ తడితో చేసి, తొందరగా ఆరబెట్టాలి.

ఏదైనా ఒలికిన వెంటనే రుద్దకు. పాత తెల్ల పంచె ముక్కను మడిచి, మరక అంచు నుంచి మధ్యకు వస్తూ అద్దు. రుద్దితే మరక పరుచుకోవడమే కాకుండా గుడ్డ నూగు కూడా లేస్తుంది. రంగు గుడ్డలు వాడవద్దు, వాటి రంగు దిగి ఇంకో మరకవుతుంది. మెత్తల అడుగున చిన్న చీటీ కుట్టి ఉంటే చూడు. దాని మీద డబ్ల్యూ అనే అక్షరం ఉంటే నీటితో కలిపే సబ్బులు వాడవచ్చు, ఎస్ ఉంటే నీళ్లు తగలకూడదు, ఎక్స్ ఉంటే వాక్యూమ్ తప్ప మరేదీ పనికిరాదు. వడ్రంగి చేత చేయించిన సోఫాలకు ఈ చీటీ ఉండదు కాబట్టి, ఏ మందైనా ముందు సోఫా వెనుక కనపడని చోట రాసి, ఆరిన తరువాత రంగు ఎలా ఉందో చూసుకోవాలి.

పాలు, వాంతి, మూత్రం పడినప్పుడు వేడినీళ్లు అసలు వాడకు. వాటిలోని మాంసకృత్తులు వేడికి గడ్డకట్టి నూలులో పట్టుకుపోతాయి. తడిని వీలైనంతవరకు అద్ది తీసేసి, చన్నీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో ఒత్తి, పొడిగుడ్డతో మళ్లీ అద్దు. తేమ చాలావరకు పోయాక వంటసోడా చల్లి రాత్రంతా వదిలి, పొద్దున వాక్యూమ్ పెట్టు. వాసన అప్పటికీ పోకపోతే ఎంజైములున్న క్లీనరు దొరుకుతుంది, దాన్ని వాడు. మూత్రం పడిన చోట మాత్రం బ్లీచింగు వెయ్యవద్దు. మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే విషవాయువు వస్తుంది, పైగా పాకే పిల్ల ముఖం ఉండేది సరిగ్గా ఆ ఎత్తులోనే.

సాంబారు మరకలో రెండు గొడవలున్నాయి, నూనె ఒకటి, పసుపు ఒకటి. ముందు పప్పునూ ముక్కలనూ చెంచాతో ఎత్తేసి, మొక్కజొన్న పిండి మందంగా చల్లి పావుగంట ఆగితే నూనె అందులోకి దిగుతుంది. దాన్ని దులిపేసి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క నీళ్లలో కలిపి నురుగుతో మాత్రమే అద్దు. సబ్బులో క్షారం ఉంటే పసుపు మరక ఎర్రబడుతుంది. పారాణిలా కనబడినా కంగారుపడకు, అది పసుపు గుణమే. కాస్త నీళ్లు కలిపిన వెనిగరు అద్దితే మళ్లీ పసుపుపచ్చకు వస్తుంది. మిగిలిన ఛాయను ఎండే తీస్తుంది. ఆ మెత్తను బాల్కనీలో ఎండ తగిలేలా కాసేపు నిలబెట్టు. నీది లేత రంగు కాబట్టి పరవాలేదు, ముదురు రంగైతే ఎండకు వెలిసిపోతుంది.

బాల్‌పెన్ను గీతలకు మందుల షాపులో దొరికే స్పిరిటును దూదితో అద్దు, దూది మురికైనప్పుడల్లా మార్చు.

నీళ్ల గురించి కూడా చెప్పాలి. మీ ఫ్లాటులో బోరు నీళ్లో లారీ నీళ్లో వస్తూ ఉంటాయి. ఆ ఉప్పునీళ్లతో తుడిస్తే మరక పోయినా ఆరిన చోట తెల్లటి వలయం మిగులుతుంది, ఇక జనం దాన్నే చూస్తారు. చివరిసారి తుడవడానికి తాగే నీళ్లు వాడు, మరక ఉన్నంత మేరే కాకుండా చుట్టూ కాస్త వెడల్పుగా తడిగుడ్డతో అద్దు, అప్పుడు అంచు గీత పడదు. తరువాత మెత్తను పరిచి ఉంచకుండా నిలువుగా ఆనించి, రెండు వైపులా ఫ్యాను గాలి తగిలేలా చూడు. లోపలి తడి పోయే వరకు పిల్లలను దాని మీదికి ఎక్కనివ్వకు.

ఇంతదాకా రాకుండా చూసుకోవడమే మేలు. పిల్లలు కూర్చునే చోట పసిపిల్లల డ్రై షీటు వేసి, దాని మీద సోలాపూర్ దుప్పటి కప్పి, అంచులను మెత్తల సందుల్లోకి గట్టిగా దోపు. రెండు దుప్పట్లుంటే ఒకటి ఉతుకులో ఉన్నా ఇబ్బంది ఉండదు. ప్లాస్టిక్ కవర్లు మాత్రం వద్దు, ఈ ఉక్కలో ఒళ్లు అతుక్కుపోతుంది. తిండి చాప మీదనే అనే నియమం పెట్టు, అయితే అది అల్లుడుగారి టిఫిను ప్లేటుకు కూడా వర్తించాలి. తండ్రి సోఫాలో దోసె తింటుంటే మూడేళ్లవాడు చాప మీద కూర్చుంటాడా?

వారానికోసారి మెత్తలెత్తి సందులన్నీ వాక్యూమ్ చెయ్యి. బిస్కట్ పొడి ఉంటే చీమలూ బొద్దింకలూ చేరతాయి. అంతకంటే ముఖ్యం, బొమ్మల్లోంచి ఊడిన గుండ్రటి బిళ్ల బ్యాటరీలు అక్కడే పడి ఉంటాయి. పిల్ల మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక తీవ్రంగా కాలిపోవచ్చు, అనుమానం వచ్చినా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బొద్దింకల కోసమని కలరా ఉండలు మెత్తల కింద పెట్టవద్దు, అవీ పిల్లల నోటికి విషమే.

తుడవడం సులువని రెగ్జిన్ సోఫాకు మార్చమని ఎవరైనా చెబితే వినకు. ఆ రకాల్లో చాలావాటికి ఈ ఊరి తేమలో పైపొర పొలుసులుగా లేచిపోతుంది, ఇక ఆ పొలుసులు పిల్ల నోట్లోకి పోతాయి.

మిషను పెట్టి షాంపూ చేసేవాళ్లను పిలవాలనుకుంటే ఈశాన్య రుతుపవనాల వానలు వెలిసి, సంక్రాంతి దాటిన తరువాత పిలువు. అక్టోబరు, నవంబరు నెలల్లో చేయిస్తే ఆరనే ఆరదు. షాంపూ తక్కువ వేసి, నీళ్లు పీల్చే మిషను ప్రతి మెత్త మీదా రెండుసార్లు నడపమని ముందే చెప్పు, చెప్పకపోతే ఒక్కసారితో సరిపెట్టేస్తారు. ఆ రోజుకు పిల్లలను తీసుకుని ఇక్కడికి వచ్చెయ్యి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ