కంపోస్టు తొక్కలకి వంటగదిలో ఎలాంటి డబ్బా పెట్టుకోవాలి

చిన్నీ,

బాల్కనీలో కంపోస్టు కుండ పెట్టావని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషమేసింది. కానీ వంటగదిలో తొక్కలు వేసుకోడానికి పది లీటర్ల డబ్బా చూస్తున్నావట, అది మాత్రం కొనకు. మీరున్నది ముగ్గురు, అంత డబ్బా నిండాలంటే నాలుగైదు రోజులు పడుతుంది, ఇంకా నిండలేదు కదా అని నువ్వూ పారబొయ్యవు, ఈలోగా అడుగునున్నవి కుళ్లి నీరు కారి ఇల్లంతా కంపు కొడుతుంది. మన ఎండలకి దోసకాయ గింజల గుజ్జు మర్నాటికే పులిసిపోతుంది. రెండు మూడు లీటర్లది చాలు. రాత్రి గట్టు తుడిచేటప్పుడే దాన్నీ కుండలో బోర్లించెయ్యాలి.

సైజు తర్వాత చూడాల్సింది మూతి. నీ చెయ్యి మణికట్టు దాకా లోపలికి పోయి అడుగు తోమేటట్టు ఉండాలి. కొన్ని డబ్బాలకి అంచు లోపలికి మడిచి ఉంటుంది చూడు, ఆ మడతలో టొమాటో తొక్క, కొత్తిమీర ఆకు ఇరుక్కుని ఎంత కడిగినా రావు, వాసనకి మూలం చాలాసార్లు అక్కడే. వేలు పెట్టి అంచంతా తడిమి చూసి కొను. ప్లాస్టిక్ వద్దు, పీచు పెట్టి తోమితే గీతలు పడతాయి, ఆ గీతల్లో ఉల్లి, వెల్లుల్లి వాసన పట్టేసి ఇక వదలదు. స్టీలే మేలు. ఇంట్లో వాడకుండా పడి ఉన్న పప్పుల డబ్బా ఉంటే అదే పెట్టేసుకో.

మూత బిగుతుగా ఉండక్కర్లేదు. గాలాడకుండా బిగిస్తే తేమంతా లోపలే ఉండిపోయి తొందరగా కుళ్లుతుంది, అలాగని మూతే లేకపోతే ఈగలు. వదులుగా కూర్చునే మూత సరిపోతుంది. మూతలో బొగ్గు ఫిల్టరున్నవి కూడా అమ్ముతున్నారు, వాసన తగ్గిస్తాయి, నిజమే, కానీ ఆ ఫిల్టర్లు మార్చుతూ ఉండాలి, రోజూ ఖాళీ చేసేవాళ్లకి ఆ ఖర్చెందుకు? పండ్ల మీద ముసిరే చిన్న ఈగలుంటాయే, వాటి గుడ్లు అరటితొక్క మీద ఇంటికొచ్చేటప్పటికే ఉండొచ్చు, ఎండాకాలంలో వారం పది రోజుల్లో ఈగలైపోతాయి. ఎంత మంచి మూత పెట్టినా లోపలున్న గుడ్లని ఆపలేదుగా, అందుకే రోజూ తియ్యమనేది.

అడుగున న్యూస్‌పేపరు రెండు మడతలు వెయ్యి, లేదా గుప్పెడు కొబ్బరిపొట్టు, నీరు పీల్చేస్తాయి. కంపోస్టు అవుతాయని అమ్మే కవర్లు వెయ్యకు, వాటిలో చాలావరకు పెద్ద కంపోస్టు ప్లాంటుల్లో ఉండే వేడికే కుళ్లుతాయి, మన కుండలో నెలల తరబడి అలాగే ఉంటాయి. పాలు కలిపి మరిగించిన టీపొడి కడిగి పిండి వెయ్యి. పులుసు, నూనె కూరలు, చేప ముళ్లు మున్సిపాలిటీ వాళ్ల తడిచెత్త డబ్బాలోకే పోవాలి.

ఇంకోటి, సింకు కింద దాచకు. కంటికి కనబడకపోతే ఖాళీ చెయ్యడం మర్చిపోతాం. కూరలు తరిగే చోటే పెట్టుకో, పొయ్యి వేడి మాత్రం తగలకూడదు.

గట్టు మీద ఎంత చోటుందో కొలిచి ఫోన్ చెయ్యి. ఈ ఆదివారం బజారుకెళ్తున్నాను, స్టీలుసామాన్ల కొట్లో సరిపోయేది చూసి పంపిస్తాను.

మీ పెద్దమ్మ