అమ్మబోతే అడవి: పాత బోటుకి రేటెందుకు పలకదు?

ప్రశ్న: ఎనిమిదేళ్ల కిందట కొత్తగా కొన్న 19 అడుగుల ఫైబర్ బోటు నాది. ఫోర్ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజిన్ (బోటు వెనక గోడకి బయట బిగించేది), మీటర్‌లో నడిచిన గంటలు 210 మాత్రమే ఉన్నాయి, ట్రైలర్ కూడా ఇస్తానంటున్నాను. అమ్మకానికి పెట్టి ఆరు నెలలైంది. ఫోన్లయితే వస్తున్నాయి గానీ "లాస్ట్ రేటు ఎంత" అని అడిగి పెట్టేస్తున్నారు. ఇద్దరు ముగ్గురైతే ఇంటిల్లిపాదీ వచ్చి, నీళ్లలో ఒక రౌండు తిరిగి, "మాట్లాడుకుని చెప్తాం" అని వెళ్లి మళ్లీ ఫోన్ ఎత్తలేదు. ఇంత తక్కువ వాడిన బోటుని కూడా ఎవరూ ఎందుకు నమ్మడం లేదు? రేటు తగ్గించడం తప్ప వేరే దారి లేదా?

జవాబు: రేటు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ 210 గంటల గురించి మాట్లాడుకోవాలి, ఎందుకంటే మీరు దాన్ని గొప్పగా చెప్తున్నారు, కొనేవాడు అదే అంకె విని వెనక్కి తగ్గుతున్నాడు. ఎనిమిదేళ్లలో 210 గంటలంటే ఏడాదికి పాతిక గంటల చిల్లర. కారుకైతే తక్కువ తిరగడం మంచి మాటే. బోటు ఇంజిన్‌కి మాత్రం ఊరికే పడి ఉండటం కూడా ఒక జబ్బే. ట్యాంకులో నిలవున్న పెట్రోలు పాడై జిగురు కడుతుంది, అందులో ఇథనాల్ ఉంటే గాల్లో తేమ కూడా లాక్కుంటుంది. నీళ్లు లాగి ఇంజిన్‌ని చల్లబరిచే పంపులో రబ్బరు రెక్కలుంటాయి కదా, ఇంపెల్లర్ అంటారు, అది వాడకపోయినా గట్టిపడి వంగిపోతుంది. సీళ్లు ఎండిపోతాయి. ఇవన్నీ తెలిసినవాడికి మీ 210 గంటలు వినగానే వచ్చే మొదటి ప్రశ్న "మిగతా రోజులన్నీ ఈ బోటు ఎలా ఉంది, ఎవరు చూసుకున్నారు?" అన్నదే.

దానికి జవాబు మాటల్లో చెప్తే చాలదు, కాగితాల్లో ఉండాలి. మామూలుగా ఔట్‌బోర్డ్‌లకి ఏడాదికోసారి గానీ 100 గంటలకోసారి గానీ, ఏది ముందొస్తే అప్పుడు సర్వీసు చేయించమంటారు. మీరు ఏటా చేయించి ఉంటే ఆ బిల్లులన్నీ తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టండి. చేయించకపోతే దాచకండి, ఇప్పుడు చేయించి ఆ బిల్లు చూపించండి. ఇంకో పని కూడా ఉంది, దీన్ని చాలామంది అమ్మేవాళ్లు వాడుకోరు. ఈ తరం ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లు చాలావాటిలో కంప్యూటర్ ఉంటుంది, మొత్తం ఎన్ని గంటలు నడిచిందో, ఏ ఆర్‌పీఎమ్‌లో ఎన్ని గంటలు నడిచిందో, ఎప్పుడైనా వేడెక్కి అలారం కొట్టిందో, చాలావరకు అందులో ఉంటుంది. ఆ కంపెనీ ఇంజిన్లు చూసే మెకానిక్ తన లాప్‌టాప్ తగిలించి రిపోర్టు తీసిస్తాడు. ఆ రిపోర్టుతో పాటు కంప్రెషన్ టెస్టు (సిలిండర్లలో ఎంత ఒత్తిడి పుడుతోందో కొలిచేది) కూడా చేయించి ప్రతి సిలిండర్ రీడింగూ రాయించుకోండి. సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపుంటే చూసేవాడి మనసు సగం కుదుటపడుతుంది.

నా అనుభవం ఒకటి చెప్తాను. నేను బోటు అమ్ముతున్నప్పుడు ఒకాయన వస్తానన్నాడు. వచ్చాక స్టార్ట్ కాకపోతే పరువు పోతుందన్న టెన్షన్‌తో, ఆయన రావడానికి గంట ముందు ఇంజిన్ ఆన్ చేసి పది నిమిషాలు నడిపి ఆపాను. ఆయన వచ్చాడు, పలకరించాడు, మాట్లాడుతూ మాట్లాడుతూ ఇంజిన్ మీదున్న కవరు తీయించి, లోపలి బ్లాకు మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడ్డాడు. ఒక్క మాట అడగలేదు. ఆ చెయ్యి తీశాక ఆయన మాట తీరే మారిపోయింది, సీట్లు చూశాడు, ట్రైలర్ టైర్లు చూశాడు, వెళ్లిపోయాడు. నాకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. చల్లటి ఇంజిన్ మొదటి కీ తిప్పుడికి ఎలా స్టార్ట్ అవుతుందో చూడటానికే వచ్చాడాయన, నేను ఆ అవకాశం లేకుండా చేశాను, ఏదో దాస్తున్నాననుకున్నాడు. నా ఇంజిన్‌లో ఏ లోపమూ లేదు. ఇప్పటికీ ఆ బేరం పోయినందుకు బాధే. మీరు మాత్రం వచ్చినవాడి ఎదుటే మొదటిసారి స్టార్ట్ చేయండి, ముందు ఆయన్నే చెయ్యి పెట్టి చూసుకోమనండి.

అలాగే గేర్ ఆయిల్. కింద ప్రొపెల్లర్ దగ్గరున్న గేర్ కేసు డ్రెయిన్ స్క్రూ కొంచెం వదులు చేసి నాలుగు చుక్కలు తెల్ల కాగితం మీద పట్టించండి. ఆయిల్ తేటగా వస్తే మంచిదే. పాలు కలిపినట్టు తెల్లగా వస్తే సీలు పోయి లోపలికి నీళ్లు చేరాయని అర్థం, అది కొనేవాడి మెకానిక్ కనిపెట్టే కంటే మీరు ముందే బాగు చేయించడం చాలా చవక.

ఇక షికార్ల సంగతి. అడిగిన ప్రతివాడినీ నీళ్లలోకి తీసుకెళ్లడం మానేయండి. ట్రయల్ అనేది బేరం మొదట్లో కాదు, చివర్లో. ముందు ఒడ్డున మొత్తం చూసుకోనివ్వండి, రేటు మాట్లాడుకోండి, తర్వాత అడ్వాన్స్ తీసుకుని రెండు వాక్యాల కాగితం రాసుకోండి: ట్రయల్‌లో గానీ సర్వేలో (బోటు నిపుణుడు చేసే తనిఖీలో) గానీ నచ్చకపోతే ఇన్ని రోజుల్లోపు అడ్వాన్స్ వెనక్కి ఇచ్చేస్తాను, నచ్చితే ఈ రేటుకి ఈ తేదీలోపు తీసుకోవాలి. ఈ కాగితం మాట ఎత్తగానే షికారు కోసం వచ్చినవాళ్లు వాళ్లంతట వాళ్లే తప్పుకుంటారు. నిజంగా కొనేవాడు ఏమీ అనుకోడు. ట్రయల్‌లో కూడా ఊరికే తిప్పడం కాదు, బోటులో ఎంత బరువు, ఎంతమంది ఉన్నారో ముందే చెప్పి, థ్రాటిల్ పూర్తిగా ఇచ్చినప్పుడు కంపెనీ చెప్పిన ఆర్‌పీఎమ్ రేంజ్‌కి చేరుతోందో లేదో చూపించండి. చేరకపోతే తప్పు ఇంజిన్‌ది కాకుండా ప్రొపెల్లర్‌దో, అడుగున పట్టిన పాచిదో కావచ్చు, అది ముందే సరి చూసుకోవాల్సిన విషయం.

ఇన్ని చేసినా సీజన్ మొదలయ్యే ముందు పెట్టిన బోటుకీ, సీజన్ అయిపోయాక పెట్టిన బోటుకీ రేటులో తేడా ఉంటుంది. మీరు ఆరు నెలలుగా పెట్టారంటే అందులో సగం కాలం ఎవరూ బోటు గురించి ఆలోచించని నెలలే అయ్యుండొచ్చు. పార్కింగు, ఇన్సూరెన్సు కింద నెలనెలా ఎంత పోతోందో లెక్క రాసుకుని, వచ్చే సీజన్ దాకా ఆగితే వచ్చే లాభం దానికంటే ఎక్కువైతేనే ఆగండి.

ప్రశ్న: పాత బోటు ఎక్స్‌ఛేంజ్ ఇచ్చి పెద్దది తీసుకుందామని డీలర్ దగ్గరికి వెళ్లాను. నేను అనుకున్నదాంట్లో సగం చెప్పాడు, అవమానంగా అనిపించింది. ఇంకో డీలర్ మాత్రం నేను అడిగినంతా ఇస్తానన్నాడు, కానీ కొత్తదాని మీద ఒక్క రూపాయి తగ్గించనంటున్నాడు. రెండో అతనికే ఇచ్చేయనా?

జవాబు: పాతదాని రేటు ఒక్కటే చూస్తే మోసపోతారు. చేతిలోంచి మీరు పెట్టాల్సిన తేడా ఎంత, అదొక్కటే చూడండి. కొత్త బోటు 100 అనుకుందాం. మొదటి డీలర్ మీదానికి 30 కట్టి కొత్తదాన్ని 85కి ఇస్తే మీరు పెట్టేది 55. రెండో అతను మీదానికి 40 కట్టి కొత్తదాన్ని 100కే ఇస్తే మీరు పెట్టేది 60. మీకు మర్యాదగా అనిపించిన రెండో బేరంలోనే ఎక్కువ పోతుంది. అందుకని రేటు అడిగేటప్పుడు ఎక్స్‌ఛేంజ్ మాట ఎత్తకుండా కొత్తదాని రేటు ముందు కాగితం మీద రాయించుకోండి, తర్వాతే పాతదాని గురించి మాట్లాడండి. కొన్ని చోట్ల ఎక్స్‌ఛేంజ్ పోను మిగిలిన తేడా మీదే పన్ను వేస్తారు, మీకు ఆ పద్ధతి వర్తిస్తే ఆ మిగులు కూడా లెక్కలో కలపండి.

సగం చెప్పిన డీలర్ మీద కోపం వద్దు. ఆయన సర్వీసు చేయించాలి, సీట్లు బాగు చేయించాలి, నెలల తరబడి డబ్బు ఇరికించుకుని కూర్చోవాలి, కొన్నవాడు రేపొచ్చి గొడవ పెడితే సమాధానం చెప్పాలి, పైన తనకి మిగలాలి. ఇంజిన్ ఏ కంపెనీదన్నది కూడా చూస్తారు. ఉదాహరణకి ఎవిన్‌రూడ్ ఔట్‌బోర్డ్‌ల తయారీని బీఆర్‌పీ అనే కంపెనీ 2020లో ఆపేసింది, ఆ ఇంజిన్ ఎంత బాగా నడుస్తున్నా "రేపు పార్టులు దొరుకుతాయా" అన్న అనుమానం రేటులోంచే కోస్తారు. 2020, 2021లో లాక్‌డౌన్ల తర్వాత చాలా దేశాల్లో జనం బోట్ల మీద ఎగబడ్డారు, స్టాకు లేక రేట్లు పెరిగాయి. ఆ తర్వాత అప్పుల వడ్డీలు పెరిగి గిరాకీ చల్లబడింది. ఆ రోజుల్లో కొన్నవాళ్లకి ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది, అందులో మీ తప్పేమీ లేదు.

తేడా మరీ ఎక్కువనిపిస్తే బ్రోకర్‌కో, డీలర్ యార్డులోనే కమీషన్ మీద అమ్మకానికో పెట్టొచ్చు. అప్పుడు మాత్రం అగ్రిమెంటు లైను లైను చదవండి. ఎన్ని నెలలకి, కమీషన్ ఎంత, మీకు చెప్పకుండా ఎంత వరకు తగ్గించొచ్చు, యార్డులో ఉండగా దెబ్బ తగిలితే ఎవరిది బాధ్యత, మీరే సొంతంగా కొనేవాణ్ణి తెచ్చుకుంటే కమీషన్ ఇవ్వాలా, అమ్మిన డబ్బు ఎన్ని రోజుల్లో మీ చేతికొస్తుంది. ఈ చివరిది రాతలో లేకపోతే సంతకం పెట్టకండి.

ప్రశ్న: ఒకతను బోటు చూడకుండానే నేను చెప్పిన రేటుకి ఒప్పుకున్నాడు. చెక్కు ఎక్కువ మొత్తానికి పంపుతానని, పైన మిగిలింది బోటు తీసుకెళ్లే ట్రాన్స్‌పోర్టు అతనికి పంపమని అంటున్నాడు. నమ్మొచ్చా?

జవాబు: వద్దు. ఇది పాత మోసం. ఆ చెక్కు మీ ఖాతాలో పడినట్టే కనిపిస్తుంది, మీరు మిగిలింది పంపేస్తారు, కొన్ని రోజులకి చెక్కు దొంగదని బ్యాంకు ఆ మొత్తం వెనక్కి లాగేసుకుంటుంది, మీరు పంపింది మాత్రం తిరిగి రాదు. ఆయనతో మాటలు ఆపేయండి. బోటు కాగితాలు, హల్ (బోటు బాడీ) మీదున్న గుర్తింపు నంబరు ఫోటోలు ఆయనకి పంపి ఉంటే, ఆ ఫోటోలతో మీ బోటునే ఇంకెక్కడైనా అమ్మకానికి పెట్టాడేమో వెతికి చూడండి.

ప్రశ్న: బోటు ఫ్లోరు వెనకవైపు ఒక చోట కాలు పెడితే మెత్తగా దిగుతోంది. పైన కొత్త కార్పెట్ వేసి, కొత్త జీపీఎస్ కూడా బిగించి అమ్మితే మంచి రేటు వస్తుందని ఒక స్నేహితుడు అన్నాడు.

జవాబు: కార్పెట్ వేయకండి. ఇది బతిమాలి చెప్తున్నాను. చాలా ఫైబర్ బోట్లలో, అందులోనూ పాతవాటిలో, ఫ్లోరు కిందా, ఇంజిన్ బిగించే వెనక గోడ ట్రాన్సమ్‌లోనూ చెక్క ఉంటుంది. ఎక్కడో ఒక స్క్రూ రంధ్రంలోంచి నీళ్లు దిగి ఆ చెక్క లోలోపలే కుళ్లుతుంది. మెత్తబడింది ఫ్లోరు ఒక్కటే అయితే అది ఖర్చుతో పోయే విషయం. ట్రాన్సమ్ దాకా పాకితే, దానికి వేలాడే ఇంజిన్ బరువు, ఆ బోటులో కూర్చునే పిల్లలు గుర్తుకురావాలి.

ప్లాస్టిక్ సుత్తితో ట్రాన్సమ్ అంతా మెల్లగా కొట్టి వినండి, గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, కుళ్లినచోట శబ్దం చచ్చిపోయినట్టు మొద్దుగా వస్తుంది. ఇంజిన్‌ని పైకి లేపి, కింది భాగాన్ని పట్టుకుని పైకీ కిందకీ ఊపుతూ ట్రాన్సమ్ కదులుతోందేమో పక్కనుంచి ఒకరిని చూడమనండి. అనుమానం వస్తే సర్వేయర్‌ని పిలిచి చూపించండి. ఆయన రిపోర్టు, బాగు చేయడానికి ఒక వర్క్‌షాపు ఇచ్చిన ఎస్టిమేట్, రెండూ కొనేవాడి చేతిలో పెట్టి ఆ మేరకు రేటు తగ్గించి అమ్మండి. బాగు చేసుకునే చెయ్యి ఉన్నవాళ్లు అలాంటి బోట్ల కోసమే వెతుకుతుంటారు.

జీపీఎస్ మీద పెట్టిన డబ్బు కూడా రేటులో తిరిగి రావడం అరుదు, కొనేవాడికి తనకి నచ్చిన మోడల్ ఏదో ఉంటుంది. ఆ డబ్బుతో ట్రైలర్ చక్రాల బేరింగులు మార్పించి గ్రీజు పెట్టించండి, టైర్ల మీద తయారైన వారం, సంవత్సరం నాలుగంకెల్లో ఉంటుంది, అది బాగా పాతదైతే టైర్లు మార్పించండి. కొన్నవాడు ఆ బోటుని తన ఇంటిదాకా లాక్కెళ్లాల్సింది వాటి మీదే.